మడమ కింద మంచు

బెర్గెన్
మే 6, 1974

తమ్ముడు ఎంబ్రిక్‌కి,

ఇక్కడ పదకొండు రోజులుగా వాన. ఆసుపత్రి వరండాలో తడిసిన ఉన్నికోట్ల కంపు, దానికి తోడు ఉడికిన క్యాబేజీ కంపు. రెండూ కలిసి నా జుట్టుకి పట్టేశాయి. మీ బావ ఎడమ కాలు పైకి కట్టించుకుని, పక్క మంచం ముసలాయనతో కాడ్ చేప గురించి వాదిస్తూ పడుకున్నాడు. మోకాలు ఇక వంగదని డాక్టరు నిన్న చెప్పాడు. "వంగదంటే ఎంత వంగదు?" అని అడిగాడు ఈయన. "కుర్చీలో కూర్చుంటే ఎదుటి కుర్చీలో ఉన్నవాళ్ళకి మీ కాలు తగులుతుంది, అంత" అన్నాడు డాక్టరు. గదిలో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

నెల రోజులుగా నిన్నొకటి అడగాలనుకుంటున్నాను. నువ్వు మీ కొండ రక్షక దళం వాళ్ళకి చెప్పిన మాట ఇక్కడిదాకా వచ్చింది. నేను మీ స్కీలకి కొట్టిన రబ్బరు పలక ఊడి, బూటు కింద చుట్టుకుపోయి, అందుకే మీ బావ హెర్‌బ్రాండ్ పడ్డాడని చెప్పావట. ఒక్కో పలకకి నాలుగు మేకులు కొట్టాను ఎంబ్రిక్. ఇరవై ఏళ్ళుగా రబ్బరు బూట్లు బాగుచేసి బతుకుతున్నదాన్ని. అది ఎలా ఊడింది? ఆయన ఎడమ స్కీ నీ దగ్గరే ఉందిగా, రైల్లో పంపు. నా కళ్ళతో చూసుకోవాలి.

ఇంకో సంగతి. ఆయన స్వెట్టరు మూడుసార్లు ఉతికాను. ఏదో కాలిన కంపు, ఎంతకీ వదలడం లేదు. ఈస్టర్‌కి ముందు మంచులో దారి తెలిసేలా పుల్లలు పాతడానికి వెళ్ళిన ఇద్దరు మగాళ్ళు కొండ మీది ఆ బసలో అంతగా ఏం వండుకు తిన్నారు?

నీ అక్క
గున్వోర్


స్కర్‌డాల్
జూన్ 19, 1974

అక్కా,

బావ మోకాలి సంగతి చదివి రెండు రోజులు తిండి సయించలేదు. అయినా బావ గట్టివాడు. వంగని కాలుతో కూడా భోజనాల బల్ల దగ్గరికి నాకంటే ముందే చేరుకుంటాడు, కావాలంటే చూడు.

కాలిన కంపు అంటావా, అది పంది కొవ్వు. బావే వేయించాడు. వేయించాడు అనడం మర్యాద, మాడ్చి బొగ్గు చేశాడు. బస అంతా పొగ. ఆ స్వెట్టరు పారేసి కొత్తది అల్లి పెట్టు.

పలక గురించి ఏం చెప్పమంటావు? అది నీ తప్పని ఎవరూ అనడం లేదు. కాకపోతే దళం సమావేశంలో పన్నెండు జతల స్కీల నుంచీ నీ పలకలు పీకించేశారు. "గున్వోర్ మంచి మనసుతోనే చేసింది. కానీ గాయపడ్డవాణ్ణి మంచుబండి మీద దించేటప్పుడు మంచి మనసు మేకుల్ని పట్టి ఉంచదు కదా" అన్నాడు మా దళం పెద్ద తాల్లక్. అందరూ తలలూపారు. నేనూ ఊపాల్సి వచ్చింది. ఏం చేయను, నలుగురిలో ఉన్నాను.

పోయిన వారం మేం దిగిన ఆ గ్రోహాల్ బసకి వెళ్ళొచ్చాను, తలుపు గొళ్ళెం సరిగా పడటం లేదంటే. మంచు కరిగి దారంతా బురద, దాంట్లో చలికాలం చచ్చిన ఎలుకలు తేలుతున్నాయి. ముక్కు మూసుకుని నడిచాను. స్కీ సంగతి తీరిక చూసి చూస్తాను.

బావకి నా పలకరింపు చెప్పు.

ఎంబ్రిక్


బెర్గెన్
ఆగస్టు 28, 1974

తమ్ముడికి,

నిన్న దుకాణానికి మీ లోయ నుంచి ఒకావిడ వచ్చింది. నన్ను గుర్తుపట్టి, కూతురి బూటు బల్ల మీద పెట్టి, "మేకులు మాత్రం కాస్త గట్టిగా కొట్టండమ్మా" అని నవ్వింది. అక్కడ వాటికి 'గున్వోర్ చెప్పులు' అని పేరు కూడా పెట్టారట. ఆ బూటు బాగుచేసి ఇచ్చాను. చేతులు కడుక్కున్నాను. మళ్ళీ కడుక్కున్నాను.

నువ్వు నలుగురిలో తలూపావు కదా, వాళ్ళకి నువ్వు చెప్పని మాటలు నేను చెబుతాను విను. స్కీకి బూటు ముందు అంచు ఒక్కటే పట్టుకుని ఉంటుంది. స్కీ మీదున్న మూడు చిన్న మేకులు బూటు అంచులోని మూడు చిల్లుల్లో దిగాలి. మడమకి ఏ పట్టూ లేదు. అడుగు వేసినప్పుడల్లా మడమ లేస్తుంది, సందులోకి మంచు దూరుతుంది, మడమ దిగి దాన్ని అదుముతుంది. గట్టి చలిలో ఫరవాలేదు, మంచు పిండిలా రాలిపోతుంది. చలి తగ్గి మంచు తడిగా ఉన్న రోజున అది గడ్డకట్టి బూటుకి అంటుకుపోతుంది. వంద అడుగులు వేసేసరికి మనిషి గుండ్రటి గడ్డ మీద నిలబడి ఉంటాడు. ముందు ఆ మూడు చిల్లుల్లోనూ ఐసు. మేకులు దిగినట్టే ఉంటాయి, దిగవు.

నాన్న పాదం కింద బిర్చి బెరడు కొట్టుకునేవాడు, గుర్తుందా? నేను సైకిలు ట్యూబుని రెండు మడతలు వేసి, మధ్యలో గాలి ఉబ్బెత్తుగా ఉంచి, మడమ ఆనేచోట స్కీకి కొట్టాను. మడమ లేవగానే అది ఉబ్బి మంచుని బయటికి నెట్టేస్తుంది. మూడు చలికాలాలు మీ బావ వాటితో ఒక్కసారి కూడా ఆగి మంచు గోక్కోలేదు.

అలాంటిది నాలుగో చలికాలంలో, అదీ నువ్వు పక్కనుండగా, ఊడిందంటున్నావు. స్కీ పంపు.

గున్వోర్


స్కర్‌డాల్
అక్టోబరు 30, 1974

అక్కా,

స్కీ లేదు. పొయ్యిలో పెట్టేశాను. చూసినప్పుడల్లా బావ అరుపే చెవిలో పడుతుంటే ఇంట్లో ఎలా పెట్టుకోమంటావు?

నీకు కావలసింది స్కీనా, లేక నన్ను బోనెక్కించడమా? మేకుల లెక్కా, ట్యూబు మడతలా, నాన్న బెరడా! ఒక మనిషి కొండ మీద పడ్డాడు. పదహారు కిలోమీటర్లు ఆ మనిషిని లాక్కొచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. నాకు ఒక్క మంచిమాట రాయలేదు నువ్వు. ప్రతి ఉత్తరంలోనూ రబ్బరే.

గొర్రెల్ని కోయడం అయిపోయింది. ఇల్లంతా నెత్తురు కంపు. నా కాళ్ళకీ చేతులకీ అదే. క్యాబేజీ వేసి వండుకున్నాను, ముద్ద దిగలేదు.

ఎంబ్రిక్


బెర్గెన్
డిసెంబరు 12, 1974

ఎంబ్రిక్‌కి,

మీ బావకి రేవు గిడ్డంగిలో కూర్చుని చేసే పని ఇచ్చారు. పడవల ఇంజన్లు విప్పి బిగించిన చేతులతో ఇప్పుడు చీటీలు అతికిస్తున్నాడు. సాయంత్రం ఇంటికొచ్చి జిగురు అంటిన వేళ్ళు చూసుకుంటూ కూర్చుంటాడు. ఆ రోజు ఏమైందని అడిగితే, "పోనీవే గున్వోర్, అయిందేదో అయింది" అంటాడు. ఆ 'పోనీ' వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

నీకు చెప్పాల్సింది ఏమైనా ఉంటే రాయి. లేకపోతే క్రిస్మస్ కార్డు కూడా వద్దు.

గున్వోర్


స్కర్‌డాల్
ఫిబ్రవరి 17, 1975

అక్కా,

ఇది నాలుగో కాగితం. మూడు చింపాను.

శనివారం దళం సాధనకి వెళ్ళింది. ఈదున్ నీకు తెలుసు, తాల్లక్ తమ్ముడి కూతురు, మా అందరిలోకీ బాగా స్కీ చేస్తుంది. ఖాళీ బండిని కొండ కిందికి దించేటప్పుడు ముందు పట్టు ఆమెదే. చలి విరిగింది, మంచు తడిగా ఉంది. ఈదున్ ఆగి రెండుసార్లు కర్రతో గోక్కుంది. మూడోసారి ఆగబోతుంటే వెనకనుంచి ఎవడో, "ఈదున్, ఇలాగైతే మనం దిగేసరికి రోగి ముసలాడైపోతాడు!" అని అరిచాడు. అందరూ నవ్వారు. ఆమె ఆగలేదు. వాలు మధ్యలో కుడి స్కీ ఊడి, బాణంలా కిందికి పోయింది. బండి ఆమె మీదినుంచి దొర్లి, కిందున్న ఒక రాయికి గజం ఇవతల ఆగింది. లేచి మంచు దులుపుకుని, బూటు తిరగేసి చూపించింది. మూడు చిల్లులూ ఐసుతో మూసుకుపోయి ఉన్నాయి. మడమ కింద నా పిడికిలంత గడ్డ.

అరిచినవాణ్ణి నేనే అక్కా.

పోయిన ఏడు బావతోనూ ఇలాంటి మాటే అన్నాను. ఇక రాసేస్తాను, చేయి ఆగకముందే.

నీ పలక ఊడలేదు. ముందురోజు ఓస్లో నుంచి వచ్చినవాళ్ళిద్దరు గ్రోహాల్‌లో కాఫీకి ఆగారు. గోడకి ఆనించిన మా స్కీలు చూసి, "ఏంటివి, మీ ఆడవాళ్ళు తొడిగి పంపిన చెప్పులా?" అన్నారు. వాళ్ళు వెళ్ళిపోయారు, ఆ మాట మాత్రం నాలో ఉండిపోయింది. మర్నాడు పొద్దున్న కాఫీ మరుగుతుండగా గొడ్డలి మొనతో నాలుగు పలకలూ పీకేశాను. నావీ, బావవీ. పొయ్యిలో పడేశాను. "మీ అక్క చూస్తే నిన్ను కూడా పొయ్యిలో పెడుతుంది" అని బావ నవ్వాడు, అంతేగానీ అడ్డం రాలేదు. కాలుతున్న రబ్బరు కంపుకి ఇద్దరం బయటికి పరిగెత్తాం.

ఆ రోజు మంచు తడి. బావ అడుగడుక్కీ ఆగి గోక్కుంటున్నాడు. పుల్లల కట్ట నా వీపు మీదుంది, ఇంకా తొమ్మిది కిలోమీటర్లు పాతాలి. "ఏంటి బావా, పెళ్ళికి సింగారించుకుంటున్నావా? నీ అరికాళ్ళు ఎవరు చూస్తారు?" అన్నాను. ఒకసారి కాదు, ఆగినప్పుడల్లా అన్నాను. చివరికి ఆగడం మానేశాడు. నల్లరాయి వాలు మీద ఎడమ స్కీ బూటుని వదిలేసింది.

దళం వచ్చి, "ఏమైంది?" అనగానే నా నోటినుంచి నీ పలక పేరు వచ్చేసింది. ఎందుకొచ్చిందో నాకు తెలియదు. వచ్చాక వెనక్కి తీసుకోలేకపోయాను.

ఇంకొకటి ఉంది. బస వదిలేటప్పుడు అక్కడుండే రాకపోకల పుస్తకంలో రాయకుండా ఎవరూ వెళ్ళరు కదా. ఆ పొద్దున్న నేనే రాశాను, ఏం రాశానో ఈ కవరులో ఉన్న పేజీ చూస్తే నీకే తెలుస్తుంది. జూన్‌లో వెళ్ళింది గొళ్ళెం కోసం కాదు. బస పుస్తకంలో పేజీ చింపినవాడు ఈ లోయలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. నన్ను చూస్తే నాకే వాంతికొస్తోంది.

ఎంబ్రిక్


బెర్గెన్
ఫిబ్రవరి 22, 1975

ఎంబ్రిక్‌కి,

"ఏప్రిల్ 4. గాలి లేదు. సున్నా దగ్గర. గున్వోర్ చెప్పులకి పొయ్యిలో దహనం జరిగింది, ఇక మగాళ్ళలా పోతాం."

అయితే ఆ పేరు పెట్టింది లోయ కాదు, నువ్వు.

పంది కొవ్వు! ఇరవై ఏళ్ళుగా రబ్బరు కోసి, కాల్చి, అతికించేదానికి పంది కొవ్వు కథ చెప్పావు. మొదటి ఉత్తరం రాసేటప్పటికే నాకు తెలుసు. ఆసుపత్రిలో ఆ స్వెట్టరు విప్పి ముక్కుకి దగ్గరగా పెట్టుకోగానే తెలిసింది. అది నా దుకాణం వాసన. మీ బావని అడిగితే గోడవైపు తిరిగి పడుకున్నాడు. బావమరిదిని కాపాడుకుంటున్నాడట! పెళ్ళాం పేరు ఊరంతా నవ్వులాటైతే మాత్రం ఆయనకి పోనీ. మీ ఇద్దర్నీ చూస్తే నాకు ఒకేలా రోత పుడుతుంది.

నీ నోటితోనే రావాలని పంతం పట్టాను. పది నెలలు కూర్చున్నాను. స్కీ పంపు, స్కీ పంపు అని నిన్ను గిల్లుతూ ఉన్నాను. తాల్లక్‌కి ఒక్క ముక్క రాసి ఉంటే ఆ పన్నెండు జతలకీ పలకలు తిరిగి వచ్చేవి, ఈదున్ బండి కింద పడేది కాదు. నీ ఉత్తరంలో ఆ గజం దూరం చదివాక నా మీద నాకే అసహ్యం వేసింది. అది నీకు చెప్పకుండా నిన్ను తిట్టడం సరికాదు కాబట్టి రాస్తున్నాను.

ఇప్పుడు విను. పేజీ వెనక్కి పంపుతున్నాను. సమావేశంలో అందరి ముందూ చదువు. తర్వాత గ్రోహాల్‌కి తీసుకెళ్ళి ఎక్కడ చింపావో అక్కడే అతికించి, కింద నిజం రాయి, నీ పేరుతో. ఈ పార్సిల్లో పన్నెండు జతల పలకలు ఉన్నాయి. ఒక్కోదానికి నాలుగు మేకులు. దళంలో నువ్వు పదమూడోవాడివి. నీకు పంపలేదు.

గున్వోర్


స్కర్‌డాల్
మార్చి 26, 1975

అక్కా,

చదివాను. బడి గదిలో, అందరూ కాఫీ తాగుతుండగా. 'మగాళ్ళలా పోతాం' దగ్గర గొంతు తగ్గించాను. "గట్టిగా చదువు, వెనక వినపడట్లేదు" అన్నాడు తాల్లక్. మళ్ళీ చదివాను. తాల్లక్ లేచి కప్పు కడుక్కుని వచ్చి, "సుత్తి ఎవరి దగ్గరుంది?" అన్నాడు. అక్కడే కూర్చుని పన్నెండు జతలకీ కొట్టారు. మేకులు నేను అందించాను. తాల్లక్ చివర్లో, "గున్వోర్‌కి నేనో ఉత్తరం రాయాలి, ఎలా మొదలుపెట్టాలో తెలియట్లేదు" అన్నాడు. నాకూ తెలియదన్నాను.

పోయిన వారం పుల్లలు పాతడానికి వెళ్ళాం. వాతావరణం నామీద పగబట్టినట్టు, సున్నా దగ్గరే, తడిగా. వాళ్ళు పలకలతో సాఫీగా జారిపోతున్నారు, నేను గడ్డల మీద నిలబడి తూలుతున్నాను. అరవై ఒక్కసార్లు ఆగాను. లెక్కపెట్టాను. కర్రతో గోకాను, మేకుతో చిల్లుల్లోని ఐసు పొడిచాను, కొవ్వొత్తి రుద్దాను. పది నిమిషాల్లో మళ్ళీ అదే. బూటు తిరగేసినప్పుడల్లా నల్లటి, జిడ్డుపట్టిన, మైనం కలిసిన గడ్డే. నేను ఆగినప్పుడల్లా పన్నెండు మందీ ఆగారు. ఒక్కడైనా ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది. నల్లరాయి వాలు పైన నేను సిగ్గుతో గోకకుండానే దిగబోతుంటే, ఈదున్ కర్ర అడ్డం పెట్టింది. "తొందరేం లేదు, ఎంబ్రిక్. శుభ్రంగా గోక్కో, మేం ఉంటాం" అంది.

ఈ ఒక్క మాట అప్పుడు బావతో అనడానికి నాకేం పోయింది?

ఏడుపొచ్చింది. ముక్కు చీదినట్టు చేశాను.

గ్రోహాల్‌లో పిండి జిగురు కాచి పేజీ అతికించాను. కింద ఇలా రాశాను: "పలకలు ఊడలేదు. నేను పీకి కాల్చాను. హెర్‌బ్రాండ్ ఆగి గోక్కుంటుంటే నేను ఎగతాళి చేశాను, అందుకని ఆగడం మానేశాడు. ఈ పేజీ చింపిందీ నేనే. ఎంబ్రిక్." చదవాలనుకున్న వాళ్ళంతా చదివారు.

పదమూడో జత గురించి అడగను. నీకు ఎప్పుడు మనసొస్తే అప్పుడు.

ఎంబ్రిక్


బెర్గెన్
ఏప్రిల్ 2, 1975

తమ్ముడికి,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. అరవై ఒకటి దగ్గర పెద్దగా నవ్వాడు. ఈదున్ మాట దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆపి, "ఇంకోసారి చదువు" అన్నాడు. చదివాను. ఆయన ఈసారి 'పోనీ' అనలేదు. "వాడు అన్నప్పుడల్లా నాకు సిగ్గేసింది గున్వోర్, అందుకే ఆగలేదు" అన్నాడు. ఏడాదికి నోరు విప్పాడు. నీ మీద కోపం వచ్చింది ఆయనకి. రావాల్సిందే.

నాకు నీ మీద రోత ఇంకా పూర్తిగా పోలేదు. స్వెట్టరు కంపు కూడా పోలేదు, పారేశాను.

పదమూడో జత కోసి ఉంచాను, దుకాణంలో మేకుకి వేలాడుతోంది. పోస్టులో పంపను. వచ్చి ఆయన్ని అడిగి తీసుకో. బూట్లు బయట విప్పి లోపలికి రా. ఆయన ఎదుటి కుర్చీ నీకోసం ఖాళీగా ఉంచుతాను. కూర్చుంటే ఆయన కాలు నీకు తగులుతుంది. కుర్చీ వెనక్కి జరపకు.

నీ అక్క
గున్వోర్